రిజిస్ట్రేషను అయినంత మాత్రాన ప్లాటు సొంతం కాదు
బయానా ఇవ్వకముందే కాగితాలు చూసుకోవాలి
చిన్న కొనుగోలుదారులు తెలుసుకోవలసిన సంగతులు

భువనగిరి: హైదరాబాదు-వరంగల్ జాతీయ రహదారికి అటూ ఇటూ బీబీనగర్ మొదలుకొని ఆలేరు దాకా వెంచరు బోర్డు కనిపించని ఊరు అరుదు. యాదగిరిగుట్ట ఆలయ పునర్నిర్మాణం పూర్తయి 2022 మార్చి 28న దర్శనాలు తిరిగి ప్రారంభమయ్యాయి. బీబీనగర్ ఎయిమ్స్‌లో 2019లో వైద్య విద్య తరగతులు మొదలయ్యాయి. రీజినల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగం సంగారెడ్డి నుంచి తూప్రాన్, గజ్వేల్, భువనగిరి మీదుగా చౌటుప్పల్ దాకా ప్రతిపాదించారు. ఈ మూడింటినీ చూపించి సాగుతున్న ప్లాట్ల వ్యాపారంలోకి మొదటిసారిగా దిగుతున్నవారిలో పెద్ద ధనికులు తక్కువ.

పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు, ఆర్టీసీ కార్మికులు, గల్ఫ్‌లో కష్టపడి డబ్బు పంపుతున్నవారి కుటుంబాలు, కూతురి పెళ్లికని దాచుకున్న చేనేత కార్మికులు ఇందులో ఎక్కువ. వీరికి ప్లాటు ఒక్కటే పెట్టుబడి. అది పోతే రెండోది లేదు. అందువల్ల నాలుగు ప్లాట్లు కొని ఒకటి చిక్కులో పడినా తట్టుకోగల వ్యాపారి లెక్క వీరికి పనికిరాదు.

ప్లాటు తగాదాల్లో చిక్కుకున్నవారు చెప్పే మాట తరచుగా ఒకటే. "రిజిస్ట్రేషను చేయించుకున్నాం కదా, సర్కారు ముద్ర పడింది కదా" అంటారు. ఈ నమ్మకమే వారిని ముంచుతున్నది. రిజిస్ట్రేషను జరిగినంత మాత్రాన అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు.

ముద్రకు ఉన్న విలువ ఎంత?

1908 నాటి రిజిస్ట్రేషను చట్టం ప్రకారం నమోదయ్యేది దస్తావేజు. ఫలానా తేదీన ఫలానా వారు ఫలానా వారికి రాసి ఇచ్చారని సర్కారు పుస్తకంలో ఎక్కుతుంది. రాసి ఇచ్చిన వ్యక్తికి ఆ భూమి మీద నిజంగా హక్కు ఉన్నదా లేదా అని తేల్చే పని సబ్ రిజిస్ట్రారుది కాదు. హక్కును పరిశీలించడం రిజిస్ట్రేషను అధికారి విధి కాదని సుప్రీంకోర్టు 2025లో తమిళనాడుకు చెందిన ఒక కేసులో మళ్లీ స్పష్టం చేసింది.

అధికారి అడ్డుకోగలిగేది ప్రధానంగా నిషేధిత జాబితాలోని భూములను. చట్టంలోని 22-ఏ సెక్షను కింద ప్రభుత్వ భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగు మిగులు భూములు, చట్టరీత్యా అమ్మకూడని ఇతర భూములు ఆ జాబితాలో చేరతాయి. అయితే జాబితాలో పేరు లేనంత మాత్రాన భూమి నిష్కళంకమని అర్థం కాదు. సర్వే నంబరులో ఒక భాగమే ఎక్కి మరో భాగం జారిపోవచ్చు. సొంత అన్నదమ్ముల తగాదా, కోర్టు కేసు, రక్షిత కౌలుదారు హక్కు ఆ జాబితాలో కనిపించవు.

కనుక హక్కు చూసుకోవలసిన బరువు పూర్తిగా కొనుగోలుదారు మీదే పడుతున్నది. ఆ పని బయానా ఇచ్చాక మొదలుపెడితే ఆలస్యమైనట్టే. చేతిలో డబ్బు ఉన్నంతవరకు అడిగిన కాగితమల్లా వస్తుంది. డబ్బు చేయి మారిన తర్వాత కాగితం కోసం తిరగవలసింది కొన్నవారే.

భూమి పుట్టుక తెలుసుకోవాలి

తెలంగాణ పల్లెల్లో ప్రతి సర్వే నంబరుకూ ఒక చరిత్ర ఉంటుంది. ఆ చరిత్రకు మూలం 1954-55 నాటి కాస్రా పహాణీ. అప్పట్లో భూమి ఎవరి పేర ఉన్నది, అది పట్టా భూమా, ఇనామా, శిఖమా, గైరానా, ఖారిజ్ ఖాతానా అనేది అందులో తెలుస్తుంది. తర్వాతి పహాణీలు ఎంత శుభ్రంగా ఉన్నా కాస్రాలో సర్కారీ అని ఉంటే ముందు ఆగవలసిందే. సర్కారీ భూమి పట్టాగా ఎప్పుడు, ఏ ఉత్తర్వుతో మారిందో కాగితం చూపించమని అడగాలి.

ఈ జిల్లాలో లావుని పట్టాలు చాలా ఉన్నాయి. భూమిలేని పేదలకు సాగు కోసం సర్కారు ఇచ్చిన భూములివి. 1977 నాటి అసైన్డు భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం వీటిని అమ్మరాదు, కొనరాదు. కొన్నవారి చేతిలో నుంచి భూమిని వెనక్కి తీసుకునే అధికారం సర్కారుకు ఉన్నది. పేదవాడు అవసరానికి అమ్ముకున్నాడు, వ్యాపారి వెంచరు చేశాడు, ఉద్యోగి ప్లాటు కొన్నాడు. చివరికి నష్టపోయేది చివర కొన్నవాడే.

భూదానోద్యమం పుట్టింది ఈ జిల్లా గడ్డ మీదే. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే సమక్షంలో వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు దానమిచ్చారు. ఆ తర్వాత అనేక గ్రామాల్లో దానాలు జరిగాయి. అటువంటి భూములకు 1965 నాటి భూదాన చట్టం వర్తిస్తుంది. దాత వారసులు ఇవాళ వచ్చి తమ పట్టా అని అమ్మజూపినా అది చెల్లదు. ఊరి పెద్దలను అడిగితే ఏ చెలక భూదానంలో పోయిందో చెప్పగలిగినవారు ఇంకా ఉన్నారు. బ్రోచరు చదివే ముందు వారి దగ్గర అరగంట కూర్చోవడం మేలు.

ఇనాం భూమి అయితే 1955 నాటి ఇనాముల రద్దు చట్టం కింద వచ్చే ఓఆర్‌సి పత్రం చూడాలి. రక్షిత కౌలుదారులు ఉన్న భూమి అయితే 1950 నాటి కౌలుదారీ చట్టంలోని 38-ఇ కింద ఎవరికైనా ధ్రువపత్రం వచ్చిందేమో విచారించాలి. ఆ పత్రం ఉన్నచోట పాత పట్టాదారు అమ్మే భూమి అంతా తగాదాల పుట్ట.

చెరువు శిఖం సంగతి మరీ ముఖ్యం. వేసవిలో ఎండిన నేల చూసి చదునుగా ఉన్నదని కొంటున్నవారు వానాకాలంలో అదే స్థలాన్ని ఒకసారి చూడాలి. నిండు నీటి మట్టం లోపల కట్టడాలు కుదరవు. దాని బయట కూడా, 25 ఎకరాల పైబడిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువులకూ కుంటలకూ 9 మీటర్లు ఖాళీగా వదలాలని భవన నిబంధనలు చెబుతున్నాయి. హైదరాబాదులో 2024 జూలైలో హైడ్రా ఏర్పడిన తర్వాత చెరువుల్లో జరిగిన కూల్చివేతలను రాష్ట్రమంతా చూసింది. ఆ ఇళ్ల యజమానుల్లో రిజిస్ట్రేషను కాగితాలు, బ్యాంకు రుణాలు ఉన్నవారూ ఉన్నారు. అవి వారిని కాపాడలేదు. హైడ్రా పరిధి ఔటర్ రింగ్ రోడ్డు వరకే అని ఇక్కడివారు ధీమాగా ఉండరాదు. చెరువుల నిబంధనలు ఇక్కడా ఉన్నాయి.

ఇసి ఒక్కటే చాలదు

అమ్మేవారు ముందుగా చూపించేది భారాల ధ్రువపత్రం. జనం వాడుకలో ఇది ఇసి. ఇది తప్పకుండా తీయవలసిందే. అయితే ప్లాటు నంబరు మీద మాత్రమే ఇసి తీస్తే "లావాదేవీలు లేవు" అని శుభ్రంగా వస్తుంది. ఎందుకంటే ఆ ప్లాటు నంబరు పుట్టిందే నిన్న మొన్న. అసలు చరిత్ర సర్వే నంబరు మీద ఉంటుంది. కాబట్టి రెండింటి మీదా తీయాలి. ఆన్‌లైనులో 1983 తర్వాతి లావాదేవీలు దొరుకుతాయి. అంతకుముందువి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలోని పాత పుస్తకాల్లో వెతికించాలి.

ఇసిలో కనిపించనివి చాలా ఉన్నాయి. రిజిస్ట్రేషను కాని అగ్రిమెంట్లు కనిపించవు. సాదా బైనామాలు కనిపించవు. కోర్టులో నడుస్తున్న దావా సాధారణంగా కనిపించదు. దావా నడుస్తుండగా కొన్నవారు ఆ దావా తీర్పుకు కట్టుబడి ఉండాలన్నది ఆస్తి బదలాయింపు చట్టంలోని 52వ సెక్షను. కొన్న సంగతి కోర్టుకు తెలియదన్నా, దావా సంగతి తనకు తెలియదన్నా లాభం లేదు.

ఇక ఆడపిల్లల వాటా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి సవరణ చట్టం ద్వారా 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా వచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టం దేశమంతా కూతుళ్లందరికీ ఆ హక్కు ఇచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనక్కర లేదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా పల్లెల్లో అన్నదమ్ములు మాత్రమే సంతకాలు పెట్టి తాతల నాటి భూమి అమ్మడం నేటికీ కనిపిస్తుంది. అత్తవారింట ఉన్న అక్కచెల్లెళ్లు భూమి ధర పెరిగాక దావా వేస్తారు. అది వారి న్యాయమైన హక్కు. వారి సంతకం లేకుండా కొన్నవారిది తప్పు.

అందుచేత అమ్మకందారు వంశవృక్షం అడగాలి. అక్కచెల్లెళ్లు ఎందరు, ఎవరు సంతకం చేశారు, చేయనివారు భాగ పరిష్కారంలో ఏమి తీసుకున్నారు అన్నది తేల్చుకోవాలి. వెంచరులో వందో ప్లాటు కొనేవారికి ఇది తనకు సంబంధం లేని విషయంగా తోస్తుంది. కాని మొదటి రైతు అమ్మకంలో లోపం ఉంటే నూరు ప్లాట్లకూ అదే లోపం అంటుతుంది.

జిపిఏ మీద అమ్మేవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరం. జిపిఏ, అగ్రిమెంటు కాగితాలతో మాత్రమే యాజమాన్యం బదిలీ కాదని, అందుకు రిజిస్టరు అయిన విక్రయ దస్తావేజే కావాలని 2011లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. జిపిఏ పొందినవాడు అసలు యజమాని తరఫున విక్రయ దస్తావేజు రాసి ఇవ్వవచ్చు. అయితే అసలు యజమాని బతికి ఉన్నాడా, జిపిఏను రద్దు చేశాడా అని స్వయంగా కలిసి తెలుసుకోవాలి.

"పంచాయతీ అప్రూవుడు" మాటలో ఎంత నిజం?

హక్కు శుభ్రంగా ఉన్న తర్వాత చూడవలసింది లేఅవుటు అనుమతి. పంచాయతీ కార్యదర్శి ముద్ర ఉన్న నక్షా చూపించి "పంచాయతీ అప్రూవుడు" అని అమ్మడం చాలాకాలంగా సాగుతున్నది. నిజానికి పంచాయతీ తనంతట తానుగా లేఅవుటును ఆమోదించజాలదు. డిటిసిపి లేదా పట్టణాభివృద్ధి సంస్థ సాంకేతిక అనుమతి తప్పనిసరి. 2025లో హెచ్ఎండిఏ పరిధిని రీజినల్ రింగ్ రోడ్డు ప్రాంతం దాకా విస్తరించారు. కాబట్టి తమ గ్రామం ఇప్పుడు ఏ సంస్థ కిందికి వస్తుందో ముందుగా విచారించుకోవాలి.

అనుమతి ఉన్నదన్నా తాత్కాలికమా, తుదిదా అని అడగాలి. మొదట డ్రాఫ్టు అనుమతి ఇస్తారు. రోడ్లు, కాలువలు, కరెంటు, నీటి పనులు పూర్తి చేసేవరకు 15 శాతం ప్లాట్లను వ్యాపారి సంబంధిత సంస్థకు తనఖా పెట్టాలి. పనులు పూర్తయ్యాక తుది అనుమతి ఇచ్చి ఆ ప్లాట్లను విడుదల చేస్తారు. తనఖాలో ఉన్న ప్లాట్లను కూడా కొందరు చౌక ధరకు అంటగడుతున్నారు. అనుమతి నక్షాలో తనఖా ప్లాట్ల నంబర్లు రాసి ఉంటాయి. నక్షా అసలు ప్రతిని సంస్థ కార్యాలయంలోనో వెబ్‌సైటులోనో చూసి, బ్రోచరులోని నక్షాతో పోల్చుకుంటే పార్కును ప్లాటుగా అమ్మిన సంగతి కూడా బయటపడుతుంది.

అనుమతి లేకున్నా తర్వాత క్రమబద్ధీకరణ చేయించుకోవచ్చునని ఏజెంట్లు చెబుతారు. 2007 చివర, 2015లో, 2020లో ఇటువంటి పథకాలు వచ్చిన మాట నిజం. 2020 పథకంలో రాష్ట్రమంతటా సుమారు 25 లక్షల దరఖాస్తులు వచ్చాయి. వెయ్యి రూపాయలు కట్టిన దరఖాస్తుదారుల్లో అత్యధికులు ఏళ్ల తరబడి ఎదురుచూశారు. 2025లో 25 శాతం రాయితీ ప్రకటించి మళ్లీ కదిలించారు. లేఅవుటులో ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టవలసి వచ్చింది.

మరో ముఖ్యమైన సంగతి, ఆ పథకం 2020 ఆగస్టు 26కు ముందు పుట్టిన లేఅవుట్లకే. ఆ తర్వాత అనుమతి లేకుండా గీసిన ప్లాట్లకు అది వర్తించదు. ప్రభుత్వ భూముల్లో, చెరువుల్లో ఉన్న ప్లాట్లకు ఎప్పటిదైనా వర్తించదు. రేపు వచ్చే పథకాన్ని నమ్ముకుని ఇవాళ ప్లాటు కొనడం, వానను నమ్మి అప్పుచేసి నారు పోసినట్టే.

గుంటల లెక్కన ఫారం ప్లాట్లు

లేఅవుటు అనుమతుల బెడద లేకుండా వ్యాపారులు కనిపెట్టిన దారి ఫారం ప్లాట్లు. సాగుభూమినే రెండు గుంటలు, అయిదు గుంటలుగా విడగొట్టి, చుట్టూ కంచె వేసి, నాలుగు మామిడి మొక్కలు నాటి అమ్ముతున్నారు. పట్టాదారు పాసు పుస్తకం వస్తుందని ఆశపెడుతున్నారు.

గుంట అంటే 121 గజాలు. 20 గుంటలు, అంటే సుమారు 2,000 చదరపు మీటర్ల కన్నా తక్కువ విస్తీర్ణంలో ఫారం ప్లాట్లుగా విడగొట్టి అమ్మడం నిబంధనలకు విరుద్ధమని అధికారులు 2025లో హెచ్చరించారు. ఇటువంటి స్థలంలో ఇల్లు కట్టుకోవడానికి అనుమతి రాదు. దారి కూడా తరచుగా నోటి మాటే. పక్క రైతు గట్టు మూసేస్తే సొంత భూమిలోకి వెళ్లడానికి దావా వేయవలసి వస్తుంది.

సాగుభూమి కొనేవారు భూభారతి పోర్టలులో వివరాలు చూసుకోవాలి. 2020 అక్టోబరులో వచ్చిన ధరణి స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. సాగుభూముల రిజిస్ట్రేషను తహసీల్దారు కార్యాలయంలో, ప్లాట్ల రిజిస్ట్రేషను సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో జరుగుతుంది. ప్లాటుగా అమ్ముతున్న భూమికి వ్యవసాయేతర మార్పిడి ఉత్తర్వు ఉండాలి. ఆ ఉత్తర్వులోని విస్తీర్ణమూ, వెంచరు విస్తీర్ణమూ సరిపోవాలి. ఆరెకరాలకు మార్పిడి తీసుకుని పదెకరాలు అమ్మే అవకాశం లేకపోలేదు.

రెరా నంబరు లేని ప్రకటన

2016 నాటి రియల్ ఎస్టేటు నియంత్రణ చట్టం 2017 మే 1 నుంచి పూర్తిగా అమలులోకి వచ్చింది. 500 చదరపు మీటర్లు, అంటే సుమారు 600 గజాలు దాటిన వెంచరు ఏదైనా రెరాలో నమోదు కావాలి. నమోదుకు ముందు ప్రకటన ఇవ్వడం, బుకింగు తీసుకోవడం నేరం. ఏజెంటు కూడా నమోదై ఉండాలి. నమోదు చేయని వ్యాపారికి ప్రాజెక్టు విలువలో 10 శాతం దాకా జరిమానా విధించవచ్చు.

ఈ చట్టంలో చిన్న కొనుగోలుదారుకు పనికివచ్చే అంశాలు మూడు ఉన్నాయి. రిజిస్టరు అయిన అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోరాదు. వసూలైన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖర్చుకే వేరు ఖాతాలో ఉంచాలి. చెప్పిన గడువుకు అప్పగించకపోతే వడ్డీతో సహా సొమ్ము వాపసు అడగవచ్చు. ఇవి తెలియక అనేకులు వాయిదాల పథకాల్లో సగానికి పైగా సొమ్ము సాదా రసీదుల మీద కడుతున్నారు.

"ప్రీలాంచ్" పేరుతో మార్కెట్టు ధరలో సగానికే ఇస్తామనే మాట వింటే జాగ్రత్త పడాలి. సంగారెడ్డి జిల్లా అమీన్‌పూర్‌లో ఇలాగే ఒక సంస్థ అనుమతులు రాకముందే వేలాది మంది దగ్గర ఫ్లాట్ల పేరుతో కోట్లు వసూలు చేసింది. 2022 డిసెంబరులో సంస్థ అధిపతిని పోలీసులు అరెస్టు చేశారు. సగం ధరకు ఇల్లు వస్తుందని ఆశపడి మొత్తం సొమ్ము ముందే కట్టినవారు ఠాణాల చుట్టూ తిరిగారు.

బై బ్యాక్ పథకాలు మరో ఉచ్చు. రెండేళ్లలో రెట్టింపు ఇచ్చి ప్లాటు తిరిగి కొంటామంటారు. నిజంగా రెట్టింపయ్యే భూమి అయితే వ్యాపారి దాన్ని తన దగ్గరే ఉంచుకుంటాడు. తిరిగి ఇస్తామని వాగ్దానం చేసి జనం సొమ్ము సేకరించడం డిపాజిట్ల వసూలు కిందికి రావచ్చు. దాన్ని అరికట్టడానికి 1999లో రాష్ట్ర చట్టం, 2019లో కేంద్ర చట్టం వచ్చాయి. కాని చట్టం కేసు పెట్టగలదేగాని ఖర్చయిపోయిన సొమ్మును వెంటనే తేలేదు.

కాగితం మీద ఒక ధర, చేతిలో మరో ధర

రిజిస్ట్రేషను ఖర్చు తగ్గుతుందని దస్తావేజులో తక్కువ ధర రాయించుకుని మిగిలింది నగదుగా ఇవ్వడం ఈ ప్రాంతంలో అలవాటుగా మారింది. 2021 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషను ఫీజు కలిపి 7.5 శాతం చేసింది. దీనిలో కొంత మిగుల్చుకోవాలన్న ఆశ సహజమే. కాని నష్టం అంతకంటె పెద్దది.

భూమి తగాదాలో పడి సొమ్ము వాపసు అడిగినప్పుడు రుజువు చేయగలిగేది దస్తావేజులో రాసిన ధరనే. రీజినల్ రింగ్ రోడ్డు వంటి పనికి భూమి పోయినప్పుడు 2013 నాటి భూసేకరణ చట్టం ప్రకారం పరిహారానికి ప్రాతిపదిక సర్కారు నిర్ణయించిన విలువ లేదా చుట్టుపక్కల గత మూడేళ్ల రిజిస్టరు అమ్మకాల ధరలు. ఊరంతా తక్కువ ధరలు రాయించుకుంటే ఊరంతటికీ పరిహారం తగ్గుతుంది. దారి మార్గం మార్చాలనీ, పరిహారం పెంచాలనీ భువనగిరి, చౌటుప్పల్ ప్రాంత రైతులు చేసిన ఆందోళనల వెనుక ఈ బాధ కూడా ఉన్నది.

పైగా స్థిరాస్తికి 20 వేల రూపాయలు, ఆపైన నగదు బయానా తీసుకోవడాన్ని 2015 జూన్ నుంచి ఆదాయపన్ను చట్టం నిషేధించింది. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొన్నవారే ఒక శాతం పన్ను మినహాయించి కట్టాలి. ప్రతి రూపాయి బ్యాంకు ద్వారా ఇస్తే అదే రేపటి సాక్ష్యం.

లాభం లెక్క వేయాలి

భూమి ధర ఎప్పుడూ పెరుగుతూనే ఉంటుందన్నది మరో నమ్మకం. ఒక చిన్న లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. గజం 8 వేల చొప్పున 200 గజాల ప్లాటు 16 లక్షలు. 7.5 శాతం ఖర్చులు 1.20 లక్షలు. మొత్తం 17.20 లక్షలు. ఇదే సొమ్ము ఏడాదికి 7 శాతం చక్రవడ్డీ వచ్చేచోట పదేళ్లు ఉంచితే సుమారు 33.80 లక్షలు అవుతుంది. అంటే పదేళ్ల తర్వాత గజం దాదాపు 16,900 పలికితేనే ప్లాటు కొన్నవారికి డిపాజిట్టుతో సమానం. అంతకు మించినదే లాభం. అప్పు తెచ్చి కొంటే ఈ లెక్క ఇంకా బరువెక్కుతుంది.

ప్లాటుకు అద్దె రాదు. అవసరానికి నాలుగు రోజుల్లో అమ్ముడుపోదు. వ్యాపారి చెప్పే ధర కొత్త ప్లాటు ధర. పాత ప్లాటు తిరిగి అమ్మబోతే అదే వెంచరులో అమ్ముడుపోని ప్లాట్లు పోటీకి నిలుస్తాయి. అందువల్ల కొనేముందు ఆ వెంచరులోనో పక్క వెంచరులోనో రెండు మూడేళ్ల క్రితం కొన్నవారిని వెతికి పట్టుకుని, ఇవాళ అమ్మితే ఎంతకు అడుగుతున్నారని విచారించాలి. బ్రోచరులోని ధర కన్నా ఆ మాట నిజానికి దగ్గరగా ఉంటుంది. పిల్లల చదువు, పెళ్లి, వైద్యం వంటి ఖర్చులు అయిదేళ్లలోపు ఉన్నవారు ఉన్న సొమ్మంతా ప్లాటులో పెట్టడం క్షేమం కాదు.

రోడ్డు వస్తుంది, సంస్థ వస్తుంది అన్న వార్తల మీద పెరిగిన ధర ఆ రోడ్డు ఆలస్యమైతే ఆగిపోతుంది. మార్గం మారితే పడిపోతుంది. రోడ్డు సరిగ్గా ప్లాటు మీదుగానే వస్తే భూమే పోతుంది. కొనబోయే సర్వే నంబరు భూసేకరణ నోటిఫికేషనులో ఉన్నదేమో తహసీల్దారు, ఆర్డీవో కార్యాలయాల్లో విచారించడం తప్పనిసరి.

ఏది ముందు, ఏది వెనుక

ఆదివారం నాడు కారులో తీసుకెళ్లి, భోజనం పెట్టి, "ఇవాళే బుక్ చేస్తే గజానికి 500 తగ్గింపు" అని తొందరపెట్టడం వ్యాపార పద్ధతి. ఆ ఏజెంటు తరచుగా బంధువో, తోటి ఉద్యోగో అవుతాడు. బావ చెప్పాడని, మేనమామ చెప్పాడని మొహమాటపడి బయానా ఇస్తున్నవారు ఎందరో. ఆ బావకు కమీషను వస్తుంది, కాని కాగితాలు ఆయన కూడా చూసి ఉండడు.

క్రమం ఇలా ఉంటే మంచిది. మొదట సర్వే నంబరు, లింకు దస్తావేజుల నకళ్లు అడిగి తీసుకోవాలి. నకళ్లు ఇవ్వడానికి వెనుకాడితే అక్కడితో ఆపాలి. రెండవది, నిషేధిత జాబితా, ఇసి, కాస్రా పహాణీ చూడాలి. మూడవది, లేఅవుటు అనుమతి, మార్పిడి ఉత్తర్వు, రెరా నంబరు సంబంధిత కార్యాలయాల్లోనే సరిచూసుకోవాలి. నాలుగవది, ఆ జిల్లా కోర్టుల్లో పనిచేసే, వ్యాపారితో సంబంధం లేని న్యాయవాదికి కాగితాలు చూపించి రాతపూర్వక అభిప్రాయం తీసుకోవాలి. అయిదవది, లైసెన్సు ఉన్న సర్వేయరుతో హద్దులు కొలిపించాలి. ఊరిలో ఇద్దరు ముగ్గురు రైతులను విచారించాలి. ఆ తర్వాతనే బయానా.

ఏదైనా జాతీయ బ్యాంకులో ఆ ప్లాటు మీద రుణం అడిగి చూడడం మరో మార్గం. రుణం అవసరం లేకున్నా బ్యాంకు న్యాయవాది ఏమంటాడో తెలుస్తుంది. ఆ బ్యాంకు నిరాకరిస్తే కారణం తెలుసుకోకుండా ముందుకు పోరాదు. ఈ పనులన్నిటికీ పదిహేను రోజులు, కొన్ని వేల రూపాయలు ఖర్చవుతాయి. లక్షలు పోయిన తర్వాత కోర్టు చుట్టూ తిరిగే ఏళ్లతో పోలిస్తే అది ఖర్చే కాదు.

కొన్న తర్వాత కూడా పని ఉంటుంది. హద్దురాళ్లు పాతించి, వీలైతే ప్రహరీ కట్టి, ఏడాదికి రెండుసార్లయినా వెళ్లి చూడాలి. ఇసి ఏటా ఒకసారి తీసి చూసుకోవాలి. యజమాని పట్టించుకోని స్థలాన్ని ఇతరులు 12 ఏళ్లు బహిరంగంగా అనుభవిస్తే హక్కు కోరే అవకాశం ఉన్నది. దుబాయిలోనో బొంబాయిలోనో ఉండి ప్లాటును మరచిపోయినవారికి డబుల్ రిజిస్ట్రేషన్ల బెడద ఎక్కువ.

అధికారుల బాధ్యత

అన్ని జాగ్రత్తలూ కొనేవారే తీసుకోవాలనడం సర్కారుకు సులువు. కాని చేనేత కార్మికుడు, తాపీ మేస్త్రీ కాస్రా పహాణీ కోసం కార్యాలయాల చుట్టూ పని మానుకుని తిరగలేరు. వీరి కోసం సర్కారు చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

ప్రతి గ్రామపంచాయతీ కార్యాలయం ముందు ఆ గ్రామంలోని నిషేధిత సర్వే నంబర్లు, అనుమతి ఉన్న వెంచర్లు, అనుమతి లేని వెంచర్ల జాబితా పెద్ద అక్షరాలతో రాయించవచ్చు. అనుమతి లేని వెంచరు వద్ద హెచ్చరిక బోర్డు పెట్టవచ్చు. చెరువుల నిండు నీటి మట్టానికి హద్దురాళ్లు నాటించవచ్చు. పాత పహాణీ నకళ్లు మండల కేంద్రంలో ఒకే గుమ్మంలో, గడువులోగా దొరికేట్టు చూడవచ్చు. అనుమతి లేని వెంచరులో రాళ్లు పీకివేసి వెళ్లిపోయినందువల్ల లాభం లేదు. వారం తిరక్కుండా రాళ్లు మళ్లీ లేస్తాయి. అమ్మినవారి మీద కేసు నడిస్తేనే ఆగుతుంది.

ఈ పనులు జరిగేదాకా చిన్న కొనుగోలుదారుకు తన జాగ్రత్తే రక్ష. ప్లాట్లు ఎక్కడికీ పోవు, వెంచర్లకు కొదవలేదు. చేతిలోని సొమ్ము మాత్రం ఒక్కసారే ఉంటుంది. కాగితాలు చూసేందుకు గడువు ఇవ్వని వ్యాపారి ప్లాటు ఎంత చౌకైనా ఖరీదైనదే.